కుట్టుపనికి ఒక లెక్కపుస్తకము

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున మహిళాసభలో గావించిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున పుస్తకములను గూర్చి మాటలాడుట పరిపాటి. నేనును పుస్తకమును గూర్చియే మాటలాడెదను. కాని అది అచ్చుపడి అంగడిలో దొరకు పుస్తకము కాదు; ఎవరికి వారే వ్రాసికొనవలసినది. కుట్టుపనియో, అల్లికపనియో చేయు స్త్రీ తన పనులను, తన సామగ్రిని, తన కాలమును గుర్తించుకొను చిన్న పుస్తకమది. సూది, దారము, కత్తెర ఉన్న ప్రతి యింట అది కూడ ఉండవలెనని నా మనవి.

ఇది సభలో చెప్పవలసినంత విషయమా యని కొందరికి తోచవచ్చును. అట్టివారు ముందుగా ఈ గ్రంథాలయమునే చూడవలెను. గ్రంథాలయమనగా బీరువాలును పుస్తకములును మాత్రమే కాదు. వచ్చిన ప్రతి పుస్తకమునకు వరుససంఖ్య వేసి అక్సెషన్ రిజిస్టరులో ఎక్కింతురు. ఏ పుస్తకమును ఎవరు ఎన్నడు తీసికొనిపోయిరో, ఎన్నడు తిరిగి యిచ్చిరో వేరొక పుస్తకమున వ్రాయుదురు. ఈ రెండును లేనిచో మిగులునది పుస్తకముల కుప్పయే కాని గ్రంథాలయము కాదు. మన దేశమున గ్రంథాలయ శాస్త్రమునకు పునాదివేసిన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో నాలుగవది పాఠకుని కాలము వృథా కారాదని బోధించుచున్నది. చదువువాని కాలము ఎంత విలువగలదో, కుట్టుదాని కాలమును అంత విలువగలదే. కావున గ్రంథాలయమునకు పనికివచ్చిన క్రమము కుట్టుపెట్టెకును పనికివచ్చును.

లెక్క లేని కుట్టుపనిలో తరచుగా కలుగు నష్టములు నాలుగు.

మొదటిది దారము చాలకపోవుట. రవికె చేతుల అంచున పూలతీగ కుట్టుచుందురు. కుడిచేయి పూర్తియగును. ఎడమచేయి సగమైనవేళ ఆకుపచ్చ దారము నిండుకొనును. కొత్తగూడెమునకో ఖమ్మమునకో పోవువారిచేత మరల తెప్పింతురు. వచ్చిన పచ్చ వేరు, ఉన్న పచ్చ వేరు. రాత్రి దీపము క్రింద రెండును ఒకటిగనే తోచును. తెల్లవారి వాకిట నిలిచి చూచినచో రెండు చేతులను ఇద్దరు కుట్టినట్లుండును. రెండవది ఉన్న వస్తువునే మరల కొనుట. పెట్టె అడుగున మూడు కట్టల తెల్లపూసలుండగా, లేవనుకొని నాలుగవ కట్ట కొందురు. మూడవది మొదలిడిన పని మూలపడుట. పొలముపనుల రోజులలో పత్తితీతకు పోయి, రెండు నెలల తరువాత ఆ గుడ్డ చేత పట్టుకొన్నప్పుడు, ఏ సూదితో ఎన్ని పోగులతో కుట్టితిమో, మిగిలిన మూలలో ఏ రంగు రావలెననుకొంటిమో గుర్తుండదు. గుర్తులేని పని మరల మూటలోనికే పోవును.

నాలుగవ నష్టము వీనియన్నింటికంటె పెద్దది. తన పనికి ఎంత కాలము పట్టినదో, ఎంత సరకు పట్టినదో తెలియని స్త్రీ తన కూలిని తాను చెప్పలేదు; ఎదుటివారు ఇచ్చినదే కూలి యగును. లెక్క ఎవరి చేతిలోనున్నదో ధర చెప్పు నోరును వారిదే. ఈ సంగతిని మన తెలుగునేలపై జరిగిన చరిత్రయే చూపుచున్నది.

భద్రాచలమునకు ఎగువను, గోదావరి యొడ్డున, నేడు మన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనే యున్న దుమ్ముగూడెమును మీరందరు ఎరుగుదురు. పందొమ్మిదవ శతాబ్దమున చర్చి మిషనరీ సొసైటీవారు అచట మిషనును నెలకొల్పిరి. ఆ మిషను ఆశ్రయమున అడవిసీమ స్త్రీలకు లేసు అల్లిక అలవడి, దుమ్ముగూడెము లేసని పేరుగాంచినది. అదే శతాబ్దమున గోదావరి దిగువను నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందును మిషనరీల మూలముననే లేసు అల్లిక పాదుకొని, కాలక్రమమున సముద్రములు దాటి అమ్ముడుపోవు పెద్ద వర్తకమైనది. 2024లో నరసాపురపు లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

ఆ వర్తకమున స్త్రీల స్థితి యెట్లున్నదో జర్మనీ దేశపు సమాజశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ అచటికి వచ్చి పరిశీలించి, 1982లో ఒక గ్రంథమును ప్రకటించినది. ఎగుమతి వర్తకుడు దారమును మధ్యవర్తికి ఇచ్చును. మధ్యవర్తి ఇంటింటికి పంచును. స్త్రీలు అల్లి యిత్తురు. పువ్వులల్లు పనికి చేతిపని యనియు, ఆ పువ్వులను కూర్చు పనికి అతుకుపని యనియు పేర్లు. ఒకరు పువ్వు అల్లగా మరియొకరు అతుకుదురు. కావున పువ్వు అల్లిన చేతికి, పూర్తియైన బల్లగుడ్డ యెట్లుండునో, ఏ దేశమున ఎంతకు అమ్ముడుపోవునో తెలియదు. ఇంటిపని యంతయు చేసికొనుచునే దినమునకు ఆరేడు గంటలు అల్లినను, ఆ రోజులలో దినమునకు ఒక రూపాయి కూడ గిట్టలేదని ఆమె లెక్కవేసి చూపినది. ఆ స్త్రీలను పనివారిగా ఎవరును ఎంచలేదు; ఇంటిలో ఊరక కూర్చుండి తీరికవేళ అల్లుకొనువారిగా ఎంచిరి. 

ఇచట మనము గమనింపవలసినది ఒకటి కలదు. వర్తకుని యొద్ద పుస్తకమున్నది. మధ్యవర్తి యొద్ద పుస్తకమున్నది. ఎవరికెంత దారమిచ్చినది, ఎన్ని ముక్కలు తిరిగి వచ్చినది వారు వ్రాసికొనిరి. తాను ఎన్ని గంటలు అల్లినదో ఆ అల్లిన స్త్రీ వ్రాసికొని యుండినచో, తీరికవేళ పని యన్న మాట అంత సులువుగా చెల్లెడిది కాదు. పుస్తకమొక్కటియే కూలిని పెంచునని నేననను. వర్తకపు కట్టుబాట్లు బలమైనవి. వానిని మార్చుటకు పదిమంది కూడవలెను. కాని పదిమంది కూడి అడుగునప్పుడు చేతిలో నుండవలసినది లెక్కయే.

ఇట్లు వ్రాసికొనుట క్రొత్త వింత కాదు. ఇంగ్లండు దేశమున బార్బరా జాన్సన్ అను మతాచార్యుని కుమార్తె 1746లో, తన యెనిమిదవ యేట, ఒక పని మొదలిడినది. తన బట్టలకు కొన్న ప్రతి గుడ్డనుండి చిన్న ముక్కను కత్తిరించి పుస్తకమున అతికించి, ఎన్ని గజములు కొన్నది, గజము వెల యెంత, దానితో ఏమి కుట్టించినది ప్రక్కన వ్రాయుచు వచ్చినది. 1823 వరకు, డెబ్బదియేడేండ్లపాటు, దానిని మానలేదు. అందులకై ఆమె క్రొత్త పుస్తకము కొనలేదు. ఒక జమాఖర్చు పుస్తకమునే వాడుకొన్నది. నేడు దానిని లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమున భద్రపరచియున్నారు. ఆమె రాణి కాదు, గ్రంథకర్త్రి కాదు. ముక్కను అతికించి నాలుగు మాటలు వ్రాసినందుననే ఆ కాలపు నేతలు, ధరలు నేటివారికి తెలియుచున్నవి.

అంతకు పూర్వము కాగితము అరుదైన దినములలో గుడ్డయే పుస్తకముగా నుండెడిది. చూచిన ప్రతి కుట్టును, ప్రతి పూవును ఒక పొడుగు గుడ్డముక్కపై కొంచెము కొంచెము కుట్టి చుట్టి యుంచుకొనెడివారు. కావలసినప్పుడు విప్పి చూచుకొనెడివారు. అట్టి నమూనాగుడ్డలలో ఇంగ్లండున తేదీ గలవానిలో మిగుల ప్రాచీనమైనది జేన్ బాస్టక్ అను నామె 1598లో కుట్టినది. అదియును ఆ మ్యూజియముననే యున్నది.

మనము వాడు రంగుదారములకు సంఖ్యలుండుట కూడ ఇట్టి లెక్కయే. బార్బరా జాన్సన్ పుస్తకము మొదలిడిన ఆ 1746లోనే, నేడు ఫ్రాన్సులో చేరియున్న మ్యూలూజ్ పట్టణమున ఒక అద్దకపు కర్మాగారము వెలసినది. మన దేశమునుండి ఓడలపై పోవు అద్దకపు నూలుగుడ్డలకు ఐరోపాలో మోజు మిక్కుటముగా నుండుటచే, వానిని అనుకరించి అద్దుటయే దాని మొదటి వృత్తి. ఆ గుడ్డలకు ఇండియన్లు అనియే పేరు. కాలక్రమమున ఆ సంస్థయే డి.ఎం.సి. దారముల సంస్థయై, ప్రతి రంగునకు ఒక సంఖ్యను ఏర్పరచినది. దాని నలుపు సంఖ్య 310. మన అంగళ్లలో ఎక్కువగా దొరకు యాంకర్ దారమున నలుపు సంఖ్య 403. చూచితిరా! ఒకే నలుపునకు ఒక సంస్థలో ఒక సంఖ్య, మరియొక సంస్థలో మరియొకటి. కావున పుస్తకమున సంఖ్య మాత్రమే కాక సంస్థ పేరును కూడ వ్రాయవలెను.

ఇక పుస్తకమును ఎట్లు ఉంచుకొనవలెనో చెప్పెదను. పిల్లలు బడిలో వాడు నోటుపుస్తకము చాలును. అట్ట గట్టిదైనచో మేలు. పుస్తకమును ఐదు భాగములుగా మడతలు పెట్టి గుర్తించుకొనవలెను.

మొదటి భాగము సామగ్రి. ఇంటనున్న దారములు, సూదులు, గుడ్డలు, పూసలు, అద్దములు, చమ్కీలు, గుండీలు ఒక్కొక్క వరుసగా వ్రాయవలెను. ప్రతి రంగుదారమునుండి అంగుళమంత తుంపి ఆ వరుస ప్రక్కన అతికింపవలెను. లచ్చికి చుట్టిన కాగితమున సంఖ్య యుండును. దారము వాడుచు వాడుచు ఆ కాగితమును పారవేయుదుము. అంతటితో సంఖ్య పోవును. కావున కొన్ననాడే సంఖ్య వ్రాసికొనవలెను. సూదుల సంగతి కొంత జాగ్రత్తగా చూడవలెను. చేతికుట్టు సూదులలో సంఖ్య పెరిగినకొలది సూది సన్నబడును. మిషను సూదులలో దీనికి విరుద్ధముగా 11 కంటె 14, 14 కంటె 16 లావు. అల్లికదారమున సంఖ్య పెరిగినకొలది దారము సన్నబడును. ఈ మూడింటిని కలగాపులగము చేసికొన్నచో కొన్న సరకు పనికిరాకపోవును.

రెండవ భాగము పనులు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క పుట. పైన పని పేరు, ఎవరికొరకు, మొదలిడిన తేదీ, ఇయ్యవలసిన తేదీ. దాని క్రింద గుడ్డ, రంగులు, పోగుల సంఖ్య, సూది, కుట్టు పేరు: కాడకుట్టా, గొలుసుకుట్టా, కాజాకుట్టా, అద్దాలకుట్టా యని. పని ఆపిననాడు ఎచట ఆపితిమో ఒక వాక్యము వ్రాయవలెను. ఎడమచేయి మూడవ పువ్వు అయినది, తరువాత పసుపు, అని వ్రాసిన చాలును. రెండు నెలల తరువాత ఆ యొక్క వాక్యమే పనిని మూటనుండి వెలికితీయును.

దారము ఎంత పట్టునో ముందుగనే కనుగొనుట ఈ పుటలోని ముఖ్యమైన సంగతి. ఒక ఉదాహరణము చెప్పెదను. రంగుదారపు లచ్చి సాధారణముగా 8 మీటర్ల పొడవుండును. అందు ఆరు పోగులుండును. రెండు పోగులతో కుట్టినచో ఆ లచ్చి మూడింతలై 24 మీటర్లగును. ఇప్పుడు ఒక పాతగుడ్డపై ఒకే పువ్వును కుట్టి చూడవలెను. కొలిచి తీసికొన్న దారమున ఒకటిన్నర మీటరు పట్టినదనుకొందము. రవికెకు నలువది పువ్వులు కావలెనన్నచో 60 మీటర్లు. ఇరువదినాలుగుచే భాగించినచో రెండున్నర లచ్చులు. కావున మూడు లచ్చులు ఒకేసారి, ఒకే అంగడిలో కొనవలెను. పది నిమిషముల పనియే యిది. ఇది చేసినవారికి రెండు రంగుల పచ్చ రవికె కుట్టు అవస్థ రాదు.

ఆ పాతగుడ్డ ముక్కనే నీటిలో నానబెట్టి, తెల్లగుడ్డతో అద్ది చూడవలెను. ఎరుపు, నీలము, మెరూను దారములలో కొన్ని రంగు దిగును. దిగిన సంఖ్య ప్రక్కన రంగు దిగును అని వ్రాసియుంచవలెను. నూలుగుడ్డ తడిసినప్పుడు ఎంత ముడుచుకొన్నదో, తడుపకముందు కొలతయు తడిపి ఆరవేసిన పిదప కొలతయు వ్రాసికొన్నచో, మరల అదే గుడ్డ వచ్చినప్పుడు వెతుకులాట ఉండదు.

మూడవ భాగము కొలతలు. కుట్టుమిషనుపై ఇతరులకు కుట్టువారికి ఇది ప్రాణము వంటిది. పేరు, తేదీ, కొలతలు వ్రాయవలెను. తేదీ లేని కొలత ప్రమాదకరము. ఎదుగు పిల్లల భుజములు ఆరు నెలలలో మారును. 2024లో తెలంగాణ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలల పిల్లల దుస్తులు కుట్టు పనిని మహిళా సంఘములకు అప్పగించినది. అట్టి పనిలో తరగతికి ఒక పుట కేటాయించి, పిల్లవాని పేరు ప్రక్కన కొలత, గుడ్డ అందిన తేదీ, జత ఇచ్చిన తేదీ వ్రాసికొన్నచో, బడి తెరచిన నాడు ఒకరి చొక్కా మరియొకరికి పోదు. మన గ్రంథాలయపు జారీపుస్తకమునకును దీనికిని భేదమేమి?

నాలుగవ భాగము నమూనాలు. చూచిన పువ్వును, అంచును, మూలను పెన్సిలుతో గీసికొనవలెను. ఎచట చూచితిమో, ఎవరు నేర్పిరో వ్రాయవలెను. నేర్పినవారి పేరు వ్రాయుట మర్యాద మాత్రమే కాదు. ఆ విద్య ఏ చేతినుండి ఏ చేతికి వచ్చినదో చెప్పు వంశవృక్షమది.

ఐదవ భాగము కాలము, కూలి. దీనిని వ్రాయుటకే మనవారు ఎక్కువగా వెనుదీయుదురు. ఇంటిలో కూర్చుండి కుట్టిన దానికి గంటల లెక్క యేమని సిగ్గుపడుదురు. ఒక ఉదాహరణము తీసికొందము. ఒక పెండ్లి రవికెకు పూసలపని చేసినందుకు 900 రూపాయలు వచ్చినవనుకొందము. చేతికి వచ్చిన సొమ్ము నిండుగనే కనబడును. పుస్తకము తెరచి చూచినచో దారమునకు, పూసలకు, కుందనములకు 250 రూపాయలైనవి. మిగిలినవి 650. దినమునకు మూడు గంటల చొప్పున పండ్రెండు దినములు కుట్టినది. అనగా 36 గంటలు. గంటకు 18 రూపాయలు. ఆ పదునెనిమిది రూపాయలు చాలునా చాలవా యన్నది ఆమె నిశ్చయించుకొనవలసినది. కాని నిశ్చయించుకొనుటకు ముందు ఆ సంఖ్య ఆమెకు తెలియవలెను. మరుసటి రవికెకు ధర అడిగినప్పుడు ఆమె ఎదుటివారి ముఖము చూచి కాక, తన పుట చూచి చెప్పగలదు.

దీనికి కొన్ని ఆక్షేపణలు కలవు. వానికి సమాధానము చెప్పుట న్యాయము.

వ్రాయుట రానివారి గతి యేమి యని యొకరు. దారపు తుంపు అతికించుటకు అక్షరములు అక్కరలేదు. పువ్వు బొమ్మ గీయుటకు అక్కరలేదు. గంటకొక గీత చొప్పున గీతలు గీయవచ్చును. మిగిలినది బడికి పోవు బిడ్డ వ్రాసిపెట్టును. ఆ బిడ్డకు గుణకారము, భాగహారము తల్లి కుట్టుపనిలోనే అభ్యాసమగును. తల్లి లెక్కను వ్రాసిన బిడ్డ తల్లి పని విలువను కూడ నేర్చుకొనును.

ఫోనులో బొమ్మ తీసికొన్న చాలదా యని మరియొకరు. బొమ్మ మంచిదే, తీసికొనుడు. కాని దారము సంఖ్యను, పట్టిన పొడవును, గంటలను బొమ్మ చెప్పదు. ఫోనులో రంగు ఉన్నరంగుగా కనబడదు. ఫోను పోయిననాడు బొమ్మలన్నియు దానితోనే పోవును. అతికించిన దారము ముక్క అంగడికి తీసికొనిపోయి ప్రక్కన పెట్టి చూచుటకు పనికివచ్చును.

లెక్కలు వ్రాయుచు కూర్చున్నచో కళ యెట్లు వచ్చునని కొందరందురు. కళకు లెక్క శత్రువు కాదు. అద్దమును కుట్టుటకు చుట్టును ఎన్ని కుట్లు పడవలెనో, పువ్వుకు ఎన్ని రేకులుండవలెనో లెక్క తప్పినచో కళయును తప్పును. పుస్తకము పనికి పట్టు సమయము దినమునకు రెండు మూడు నిమిషములు. పని ముగించి సూదిని గుచ్చి పెట్టునప్పుడే ఒక వాక్యము వ్రాసినచో భారమనిపించదు. వారమునకొకసారి వ్రాయుదమనుకొన్నవారు వ్రాయరు.

నాలుగవ భాగమును గూర్చి, అనగా నమూనాలను గూర్చి, మన ప్రాంతమున ప్రత్యేకముగా చెప్పవలసినది కలదు. మన చుట్టును తండాలున్నవి. లంబాడా స్త్రీల కుట్టుపని, అద్దములతో గవ్వలతో పూసలతో నిండిన రవికెలు, పావడలు, తలముసుగులు, మన కండ్లయెదుట ఉన్న సంపద. తల్లి ప్రక్కన కూర్చుండి బిడ్డ నేర్చుకొన్నదే కాని ఆ విద్యకు వ్రాతపుస్తకము లేదు. అవ్వ జ్ఞాపకమే పుస్తకము. నిత్యము ఆ దుస్తులు ధరించువారు తగ్గినకొలది, ఆ జ్ఞాపకమునుండి ఒక్కొక్క పుట రాలిపోవుచున్నది. అవ్వ కన్నుమూసిననాడు ఏ కుట్టు పోయినదో చెప్పుటకును ఎవరును ఉండరు.

పొరుగున కర్ణాటకమున సండూరు ప్రాంతపు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి గుర్తింపునకు ఆ పనిలోని కుట్లు ఏవి, వాడు వస్తువులేవి, చేయు విధమేది యని వ్రాసి చూపవలసి యుండును, నోటిమాట చాలదు. 2023 జూలైలో హంపీయందు జి20 సంస్కృతీ సమావేశములు జరిగినప్పుడు 1755 లంబాణీ కుట్టు వస్తువులను ఒక్కచోట ప్రదర్శించి గిన్నిస్ పుస్తకమున స్థానము సంపాదించిరి. ఒక్కొక్కదానిని ఎంచి, లెక్కించి, నమోదు చేసినందుననే ఆ సంఖ్య ప్రపంచమునకు తెలిసినది. మన తండాల పని వాసిలో దేనికి తీసిపోవును? తీసిపోవునది వ్రాతలోనే.

ఈ పని కొరకు మనము ఎచటికో పోనక్కరలేదు. గ్రామములలోని స్వయం సహాయక సంఘములకు పంచసూత్రములు కలవు: క్రమముగా సమావేశమగుట, క్రమముగా పొదుపు చేయుట, సంఘములోనే అప్పులిచ్చుకొనుట, సకాలమున తీర్చుట, పుస్తకములను ఎప్పటికప్పుడు వ్రాసియుంచుట. పుస్తకము వ్రాయుట ఐదింటిలో ఒకటిగా ఎంచబడినదన్న మాట మన అక్కచెల్లెండ్రకు నేను చెప్పనక్కరలేదు. వారమువారము వ్రాయుచునే యున్నారు. రూపాయలకు చూపు ఆ శ్రద్ధను సూదికి, దారమునకు, గంటలకు కూడ చూపుడని మాత్రమే నేను కోరుచున్నాను. నలుగురు కుట్టువారు తమ పుస్తకములను ఒకచోట పెట్టి చూచుకొన్నచో, ఏ అంగడిలో ఏ పూస చవుకయో, ఏ పనికి ఎన్ని గంటలు పట్టుచున్నవో తెలియును. నలుగురు కలిసి ఒకే ధర చెప్పినప్పుడు ఎవరిని ఎవరును తగ్గించి అడుగలేరు. దారమును కట్టలుగా కలిసి కొన్నచో మరికొంత కలిసివచ్చును.

గ్రంథాలయ కార్యవర్గమువారికి ఒక విన్నపము. ఈ రజతోత్సవపు గుర్తుగా మన గ్రంథాలయమున ఒక నమూనాల సంపుటిని ప్రారంభింపుడు. గట్టి అట్ట, మందపు కాగితములు గల పెద్ద పుస్తకమొకటి చాలును. మన ఊరిలోను తండాలలోను కుట్టుపని ఎరిగిన ప్రతి తల్లినుండి అరచేయంత గుడ్డపై ఒక్కొక్క కుట్టును కుట్టించి అందు అతికింపుడు. ఆమె అనుమతితో ఆమె పేరు, కుట్టునకు ఆమె వాడుకలో నున్న పేరు, నేర్చుకొన్న విధము వ్రాయుడు. లంబాడాల మాటలో ఉన్న పేరును మార్చక, ఆ మాటనే మన లిపిలో ఎక్కింపుడు. ఆమె వలదన్న నమూనాను అతికింపకుడు. తన వంశపు విద్యను ఎవరికి చూపవలెనో చెప్పు హక్కు ఆమెదే. ఆ సంపుటిని ఇంటికి ఇయ్యక, గ్రంథాలయముననే కూర్చుండి చూచునట్లు ఏర్పాటుచేయుడు. దానికి కూడ ఒక అక్సెషన్ సంఖ్య వేయుడు. అచ్చుపడిన పుస్తకముల వరుసలో మన ఊరి స్త్రీల చేతిపని ఒక గ్రంథముగా నిలుచును.

తల్లులారా! మీ పెట్టెలలో సగము కుట్టిన గుడ్డలు ఎన్నో ఉండును. వానిలో ఒకదానిని వెలికితీసి, దానికి ఒక పుట తెరువుడు. పేరు, తేదీ, దారము ముక్క, ఆగినచోటు. ఇంతే. ఆ పని పూర్తియైనప్పుడు గంటలు కూడి, ఖర్చు తీసివేసి, క్రింద మీ కూలిని వ్రాయుడు. మీ చేతిపనికి మీరు వ్రాసిన మొదటి లెక్క అది యగును.